సూది లేని కొలత

ఎలీహియో మెడలో సూది దిగినప్పుడు అతని తల కదలకుండా పట్టుకున్నది నేనే. ముందు ఆ మాట చెప్పేస్తే తక్కినది చెప్పడానికి నాకు హక్కు ఉంటుంది.

నా పేరు నీమియా ఒకాంపోస్. పరాగ్వే నది ఒడ్డున మా ఊరు, పుయెర్తో ఇతాజూ. ఇక్కడి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా నర్సుని. అందులో చివరి తొమ్మిదేళ్ళు ఐసీయూలో హెడ్ నర్సుని. ఆరు మంచాలు, వాటిలో రెండింటికి చక్రాలు తిరగవు.

ఎలీహియో నది మీద బల్లకట్టు నడిపేవాడు. ఈ చుట్టుపక్కల అతని బల్లకట్టు ఎక్కని లారీ లేదు, ఎద్దు లేదు. నలభై రెండేళ్ళ మనిషి. పోయిన ఏడాది ఫిబ్రవరిలో డెంగీతో తీసుకొచ్చారు. జ్వరం వచ్చి అయిదో రోజు. డెంగీలో జ్వరం తగ్గిందని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునే రోజే అసలు గండం మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి నీరు ఒంట్లోకి కారిపోతుంది. సెలైన్ తక్కువ ఎక్కిస్తే నాడి పడిపోతుంది. ఎక్కువ ఎక్కిస్తే ఊపిరితిత్తులు నీళ్ళతో నిండి మనిషి మంచం మీదే మునిగిపోతాడు. కాబట్టి గుండెకు చేరే పెద్ద సిరలో రక్తం ఎంత ఒత్తిడితో ఉందో తెలియాలి. మా పెద్ద డాక్టరు రొలాందో బ్రీతెస్‌కు అది తెలుసుకునే దారి ఒక్కటే. మెడలో సూది గుచ్చి, దాని వెంట సన్నటి గొట్టాన్ని గుండె దాకా తోసి, తెర మీద అంకె చూడడం.

ఎలీహియోకు ఆ రోజు ప్లేట్‌లెట్లు పద్నాలుగు వేలు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి లక్షన్నర పైన ఉంటాయి. పద్నాలుగు వేలంటే పళ్ళు తోముకున్నా నెత్తురు ఆగదు.

"డాక్టర్‌గారూ, పద్నాలుగు వేలే ఉన్నాయి," అన్నాను.

"నాకు చదవడం వచ్చమ్మా. నువ్వు తల పట్టుకో."

పట్టుకున్నాను. మొదటి పోటుకు ఏమీ దొరకలేదు. రెండోదానికీ అంతే. మూడోసారి ఎర్రటి నెత్తురు చిమ్మి నా ముంజేతి మీద పడింది. సూది సిరలోకి కాదు, పక్కనున్న ధమనిలోకి పోయింది. బ్రీతెస్ వేళ్ళతో అదిమిపట్టాడు. బయట నెత్తురు ఆగింది, లోపల ఆగలేదు. నేను చూస్తుండగానే ఆ మెడ ఉబ్బి దవడతో కలిసిపోయింది. ఎలీహియో నా మణికట్టు పట్టుకున్నాడు. మాట రాలేదు. ఊపిరి గొట్టం వేద్దామంటే గొంతులో దారే కనబడలేదు. పదకొండున్నరకు పోయాడు.

చావు కాగితం మీద బ్రీతెస్ 'తీవ్రమైన డెంగీ' అని రాశాడు. నా నర్సింగ్ కాగితంలో నేను 'గొట్టం పెట్టే ప్రయత్నం జరిగింది. రోగి పరిస్థితి విషమించింది' అని రాశాను. ఆ రెండు వాక్యాల మధ్య ఒక చుక్క పెట్టాను. ఒక మనిషిని ఆ చుక్క కింద పూడ్చేశాను.

బయట వరండాలో అతని భార్య బ్లాసిదా నిలబడి ఉంది. "దోమ పెద్ద దెబ్బే కొట్టిందమ్మా. మేము చేయగలిగిందంతా చేశాం," అన్నాడు బ్రీతెస్. ఆమె అతన్ని చూడలేదు. నన్నే చూసింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

బ్రీతెస్ సోమరి కాదు, లంచగొండీ కాదు. అసలు ఐసీయూ లేని ఊళ్ళో మంత్రిత్వ శాఖ చుట్టూ తిరిగి తిరిగి ఆరు మంచాలు తెచ్చినవాడు అతనే. ఏడేళ్ళ కిందట డెంగీ ముంచెత్తినప్పుడు పదకొండు రోజులు ఇంటికి పోకుండా వరండాలో బెంచీ మీద పడుకున్నాడు. అతను చెడ్డవాడై ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. తప్పు చేశానని ఒక్కసారి, ఒక్క మనిషి ముందు అనగలిగి ఉంటే, నేను ఈ కథ చెప్పేదాన్నే కాదు.

ఎలీహియో పోయిన వారానికి నాకు అనస్తాసియా అమ్మ గుర్తొచ్చింది. మఠం నుంచి వచ్చి నర్సింగ్ స్కూల్లో మాకు పాఠం చెప్పిన ముసలి సన్యాసిని. ఏ మెషీన్లూ లేని కాలంలో పనిచేసిన మనిషి. ఆవిడ మాకొక పద్ధతి చూపించింది. రోగిని కాస్త తల ఎత్తుగా పడుకోబెట్టాలి. చెయ్యి మంచం పక్కకు వేలాడనివ్వాలి. అరచేతి వెనక నరాలు ఉబ్బుతాయి. తర్వాత ఆ చేతిని మనమే పట్టుకుని మెల్లగా పైకి లేపుతూ పోవాలి. ఒకచోట ఆ నరాలు ఉన్నట్టుండి చదునైపోతాయి. గుండె మట్టం నుంచి ఆ చోటు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉందో, పెద్ద సిరలో ఒత్తిడి సుమారుగా అంత. గుండె మట్టం చేరకముందే నరాలు చదునైతే ఒంట్లో నీరు చాలడం లేదని అర్థం. "ఒళ్ళు తనంతట తానే చెప్తుందర్రా, మీకు చూసే ఓపిక ఉండాలి గానీ," అనేది ఆవిడ.

నాకు ఓపిక వచ్చింది. ఓపిక అనకూడదేమో, కసి. పిల్లలు బళ్ళో వాడే కొయ్య స్కేలు ఒకటి కొన్నాను. ఆసుపత్రిలో మరమ్మతులు చూసే పొర్ఫీరియో దగ్గర తాపీవాళ్ళ రసమట్టం అడిగి తెచ్చుకున్నాను. ఆ ఏడాదంతా మెడలో గొట్టం పెట్టిన ప్రతి రోగికీ, తెర వైపు చూడకుండా ముందు చెయ్యి లేపి కొలిచేదాన్ని. కొలిచింది నోటుబుక్కులో రాసి, అప్పుడు తెర మీది అంకె పక్కన రాసేదాన్ని. అరవై ఒక్క మంది. నలభై ఆరుగురిలో తేడా రెండు సెంటీమీటర్లు దాటలేదు. ఆరుగురిలో నా కొలత పూర్తిగా తప్పింది. తొమ్మిది మందికి చేతులు మంచుముక్కల్లా చల్లబడి నరమే కనబడలేదు. తప్పులు కూడా దాచకుండా రాశాను. ఒకసారి దాచినదానికి అప్పటికే నిద్ర పట్టడం లేదు.

నవంబరులో, పొద్దున రౌండ్ల వేళ, ఆ పుస్తకం బ్రీతెస్ చేతికిచ్చాను. పేజీలు తిప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు.

"చూశారా, మన నీమియా చేతులు చూసి జాతకం చెప్తోంది! బజార్లో ఆకులూ వేళ్ళూ అమ్మే ముసలమ్మల పక్కన ఈవిడకు కూడా ఒక బల్ల వేయిద్దామా?"

నలుగురూ నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

"నలభై ఆరు చూడండి డాక్టర్‌గారూ," అన్నాను.

"తొమ్మిది చూడు నువ్వు. మనిషి నిజంగా చావుబతుకుల్లో ఉన్నప్పుడే చెయ్యి చల్లబడుతుంది. అప్పుడు నీ స్కేలు ఏం చేస్తుంది? వీపు గోకుతుందా?"

ఆ మాటలో నిజం ఉంది. అందుకే నేను అసలు మాట అడిగాను. "అలాంటప్పటికోసమే ఆ మెషీన్ బయటికి తీయండి."

అది స్కానింగ్ మెషీన్. చక్రాల బండి మీద నిలబడే చిన్నది. రెండేళ్ళ కిందట ఎవరో దాతలు ఇచ్చారు. మెడ మీద ఆనిస్తే సిర ఎక్కడుందో, ఎంత నిండి ఉందో, ఊపిరికి ఎంత ముడుచుకుంటోందో చర్మానికి చిల్లు పెట్టకుండా తెర మీద కనబడుతుంది. ఒకవేళ సూది గుచ్చక తప్పకపోయినా, కళ్ళు మూసుకుని గుచ్చే అవసరం ఉండదు. వచ్చిన మొదటి నెలలోనే ఎవరో, ఒంటికి ఆనించే దాని పిడిని కింద పడేశారు. బీటలేమీ పడలేదు. ఆ రోజు నుంచీ అది బ్రీతెస్ గదిలో, బీరువాలో. తాళంచెవి అతని నడుముకు. మంత్రిత్వ శాఖ నుంచి ఎవరైనా వస్తే బయటికి తీసి చూపిస్తాడు.

"అది పాడైతే మళ్ళీ ఎవరిస్తారు? మీ నాన్నిస్తాడా?" అన్నాడు. నోటుబుక్కు మంచం మీదికి విసిరి తర్వాతి రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఈ ఏడాది జనవరి పంతొమ్మిదిన బ్లాసిదాను తీసుకొచ్చారు.

భర్త పోయాక బల్లకట్టు ఆవిడే నడుపుతోంది. లారీ డ్రైవర్లు మొదట నవ్వారట. ఒకడు నవ్వితే నది మధ్యలో ఇంజను ఆపేసి, వాడు క్షమాపణ చెప్పేదాకా కదల్లేదట. మొదటి వారం తర్వాత ఎవరూ నవ్వలేదు. జ్వరం వచ్చి అయిదో రోజు, కడుపునొప్పి, వాంతులు. నాడి నూట ఇరవై ఎనిమిది. ప్లేట్‌లెట్లు పదకొండు వేలు.

పన్నెండు గంటలకు ముందు బ్రీతెస్ వచ్చి చూశాడు. "గొట్టం పెట్టాలి. సంతకం తీసుకోండి," అన్నాడు.

ఆవిడ ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగింది. "మా ఆయనకు పెట్టారే, అదేనా?"

"అదేనమ్మా. మీరెంత ఎండిపోయారో తెలియకపోతే ఎంత సెలైన్ ఎక్కించాలో ఎలా తెలుస్తుంది?"

"నాకొద్దు."

"వద్దంటే చచ్చిపోతారు."

"పెట్టించుకున్నాయన బతికాడా?"

బ్రీతెస్ మొహం గట్టిపడింది. బిగ్గరగా అరవలేదు. అతను అరిచే రకం కాదు. "ఈ వార్డులో వైద్యం నేను చెప్పినట్టు జరుగుతుంది. నేను నాలుగింటికి వస్తాను. అప్పటికి సంతకమైనా ఉండాలి, మంచమైనా ఖాళీగా ఉండాలి. కింద జనరల్ వార్డులో చోటుంది," అన్నాడు నాతో. మధ్యాహ్నం కునుకుకు ఇంటికి వెళ్ళిపోయాడు. ఇక్కడ నడివేసవి జనవరే, ఆ ఎండలో పన్నెండు నుంచి నాలుగు దాకా ఈ ఊళ్ళో కుక్క కూడా వీధిలో నడవదు.

నేను రక్తపోటు పట్టీ కడుతున్నాను. ఆవిడ నా మొహం పరీక్షగా చూసింది.

"ఆ రోజు తల పట్టుకుంది మీరే కదా సిస్టర్? తలుపు అద్దంలోంచి చూశాను."

"నేనే."

"దోమ వల్ల పోయాడా? సూది వల్ల పోయాడా?"

ఏడాదిగా ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు నాలో నేనే తయారుచేసుకున్నాను. జబ్బు ముదిరింది, ఎలాగూ బతికేవాడు కాదేమో, చెప్పలేం. అన్నీ నోటి దాకా వచ్చాయి.

"సూది వల్ల," అన్నాను.

ఆవిడ చెయ్యి విసురుగా వెనక్కి లాక్కుంది. అంత నీరసంలో ఆ బలం ఎక్కణ్ణించి వచ్చిందో.

"ఏడాది! ఏడాదిపాటు నేను దోమల్ని తిట్టుకుంటూ బతికాను. ఇంటి చుట్టూ నీళ్ళు నిలిచిన డబ్బాలు నేను బోర్లించలేదని, నా వల్లే పోయాడని ఏడ్చాను. వాళ్ళమ్మ నన్ను ఇప్పటికీ అదే మాట అంటుంది. మీకు తెలుసు. తెలిసీ ఆ రోజు నా మొహం కూడా చూళ్ళేదు మీరు. థూ!"

ఉమ్మింది. మాస్కు ఉండబట్టి అది మాస్కులోనే పడింది. నేనే తుడిచాను. ఆవిడ తుడవనిచ్చింది.

"సరే. ఆ తెల్లకోటువాణ్ణి నా మెడ ముట్టుకోనివ్వను. నన్నెలా బతికిస్తారో చెప్పండి ఇప్పుడు," అంది.

డ్యూటీలో ఉన్న డాక్టరు సునీల్దా. నా ఈడుదే. మంచి చెయ్యి, పిరికి నోరు. బ్రీతెస్ దయ మీద నడిచే ఉద్యోగం. విషయం చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"నాలుగింటికి ఆయనొస్తాడు నీమియా. నన్ను బతకనివ్వడు."

"ఆవిణ్ణి బతకనిస్తాడా?"

"నీకేం, యూనియన్ ఉంది. నాకేముంది?"

"నీకు కళ్ళున్నాయి కదే! ముందు వచ్చి చూడు. చూసి, అప్పుడు భయపడు."

వచ్చింది. మంచం తల ఎత్తాను. బ్లాసిదా చెయ్యి కిందికి వేలాడదీశాను. తాడు లాగి లాగి గట్టిపడిన చెయ్యి, నరాలు చక్కగా ఉబ్బాయి. రసమట్టం పెట్టి, మెల్లగా లేపాను. గుండె మట్టానికి ఇంకా మూడు సెంటీమీటర్లు ఉండగానే నరాలు చదునైపోయాయి. మళ్ళీ చేశాను. మళ్ళీ అక్కడే.

"ఎండిపోయింది," అంది సునీల్దా. సెలైన్ పెట్టించింది. అరగంటలో ఎంతో లెక్కకట్టి రాసి, కింద తన పేరే రాసింది.

మొదట మేలు కనబడింది. నాడి నూట పద్దెనిమిదికి దిగింది, చేతి నరాలు గుండె మట్టం దాకా నిలబడ్డాయి. ఒంటిగంట దాటాక ఉన్నట్టుండి చేతులు చల్లబడ్డాయి. రక్తపోటు పై అంకె, కింది అంకె దగ్గర దగ్గరకు వచ్చేశాయి. నాడి నూట ముప్ఫై నాలుగు. చెయ్యి కిందికి వేలాడదీస్తే ఒక్క నరమూ లేవలేదు. బ్రీతెస్ చెప్పిన ఆ తొమ్మిది మందికి తోడు పదో మనిషి నా ఎదురుగా పడుకుని ఉంది.

నీరు ఇంకా చాలడం లేదా? లేక ఎక్కువై గుండె తట్టుకోలేకపోతోందా? రెండిటికీ వైద్యం వేరు. ఒకదాని మందు రెండోదానికి విషం. దానికి జవాబు చెప్పే మెషీన్ ముప్ఫై అడుగుల దూరంలో, తాళం వెనకాల ఉంది.

అప్పుడు నాకు వచ్చిన కోపాన్ని ఎలా చెప్పాలో తెలియదు. చాలా స్థిమితంగా అయిపోయాను. మెట్ల కింద తన గదిలో ఆకు నానేసిన చన్నీళ్ళు, తెరెరే, తాగుతున్న పొర్ఫీరియో దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, స్క్రూడ్రైవర్ తీసుకుని పైకి రా. పెద్దాయన గదిలో బీరువా తలుపు ఊడదీయాలి."

"తాళం పోయిందా?"

"పోలేదు. ఆయన నడుముకే ఉంది."

పొర్ఫీరియో గ్లాసు పక్కన పెట్టాడు. "ఎవరికోసం?"

"ఎలీహియో పెళ్ళాం కోసం."

"బ్లాసిదమ్మకా? మా అమ్మ శవాన్ని పైసా తీసుకోకుండా ఆ ఒడ్డుకు దాటించిన మనిషి," అని పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. "తాళం ముట్టుకోను సిస్టర్. ముట్టుకుంటే దొంగతనం అంటారు. బందులు ఊడదీస్తా. అది మరమ్మతు."

ఎనిమిది స్క్రూలు. తలుపు ఊడి అతని చేతుల్లోకి వచ్చింది. తాళం తాళంలాగే ఉంది.

సునీల్దా రెండేళ్ళ కిందట ఒక్కసారి శిక్షణ పొందింది. పిడికి జెల్ రాసి బ్లాసిదా మెడ మీద, నొక్కకుండా ఆనించింది. తెర మీద ధమని గుండ్రంగా కొట్టుకుంటోంది. దాని పక్కన సిర సన్నటి చీలికలా ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా రెండు గోడలూ అతుక్కుపోతున్నాయి. పక్కటెముకల కింద పెట్టి చూసింది. గుండెకు రక్తం తీసుకెళ్ళే పెద్ద సిర, బొటనవేలంత లావుండాల్సింది, రిబ్బనులా పరుచుకుని ఉంది. గుండె మాత్రం గట్టిగానే కొట్టుకుంటోంది.

"ఇంకా కారిపోతోంది లోపల. ఎక్కించాలి," అంది సునీల్దా.

కొంచెం ఎక్కించడం, పావుగంటకోసారి చూడడం. మళ్ళీ కొంచెం, మళ్ళీ చూడడం. రెండున్నరకు సిర కోలగా తెరుచుకుంది. మూడింటికి మూత్రం వచ్చింది. ఆ సంచీలో పసుపురంగు చూసి నేనెంత సంతోషించానో మా ఆయనకు చెప్తే నవ్వుతాడు. మూడున్నరకు చేతులు వెచ్చబడ్డాయి. మంచం తల బాగా ఎత్తి పెట్టినా మెడ సిర దవడకు రెండు వేళ్ళ దూరం దాకా నిండి, గుండ్రంగా నిలబడింది. ఊపిరికి ముడుచుకోవడం లేదు.

"ఇక చాలు. ఇంకా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది," అని సునీల్దా సెలైన్ బాగా తగ్గించేసింది.

నాలుగింటికి బ్రీతెస్ వచ్చాడు. ముందు తన గదికి వెళ్ళినట్టున్నాడు. వార్డులోకి వచ్చేసరికి మెడ దాకా ఎర్రబడి ఉన్నాడు.

"నా బీరువా ఎవరు పగలగొట్టారు?"

"పగలగొట్టలేదు డాక్టర్‌గారూ. తలుపు గోడకు ఆనించి ఉంది, చూడండి. ఒక్క గీత పడలేదు," అన్నాడు పొర్ఫీరియో.

బ్రీతెస్ అతన్ని పట్టించుకోలేదు. మంచం దగ్గరికి వచ్చి సెలైన్ వేగం చూశాడు. "ఇదెవరు తగ్గించారు?"

"నేను," అంది సునీల్దా. తెరను అతని వైపు తిప్పింది. "సిర నిండింది. మీరే చూడండి."

చూశాడు. పూర్తిగా చూశాడు. ఇరవై ఏళ్ళుగా రోగుల్ని చూస్తున్న మనిషికి అదేమిటో తెలియదా? అతని కళ్ళు ఆ నల్లటి గుండ్రం మీద ఆగాయి. తర్వాత మూత్రపు సంచీ మీద ఆగాయి. దవడ కదిలింది. అర్థమైందని నాకు తెలిసింది. అప్పుడైనా 'సరే' అని వెళ్ళిపోతాడనుకున్నాను.

"గొట్టం ట్రే తీసుకురండి," అన్నాడు.

అతను తెలియక చేసి ఉంటే వేరు. తెలిసింది. తెలిసీ, పదకొండు వేల ప్లేట్‌లెట్లున్న మెడలో, ఓడిపోకూడదని సూది దింపుతానంటున్నాడు. నేను మంచానికీ అతనికీ మధ్య నిలబడ్డాను.

"తీసుకురాను."

"పక్కకు జరుగు నీమియా."

"జరగను. పోయినేడు జరిగాను. జరగడమేంటి, తల కూడా పట్టుకున్నాను. ఎలీహియో కాగితం మీద ఏం రాశారు మీరు? డెంగీ అని రాశారు! మెడ గుమ్మడికాయంత వాచింది డెంగీకా? మూడుసార్లు పొడిచింది దోమా?"

వార్డు మొత్తం వింటోంది. మూడో మంచం దగ్గర కూర్చున్న ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇరవై రెండేళ్ళలో నేను ఏ డాక్టరు మీదా గొంతెత్తలేదు.

"నువ్వు రాసిందేంటి మరి?" అన్నాడు బ్రీతెస్ నెమ్మదిగా.

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. "నేనూ అబద్ధమే రాశాను. అది కూడా చెప్తాను, ఎవరికి కావాలంటే వాళ్ళకి," అన్నాను.

వెనక మంచం మీంచి బ్లాసిదా మాస్కు తీసింది. "ఈ మెడ నాది డాక్టరూ. మీరు ఇంకో అడుగు వేస్తే లేచి కరుస్తాను."

ఎవరూ నవ్వలేదు. బ్రీతెస్ మమ్మల్ని అందరినీ ఒకసారి చూసి, డైరెక్టరు గదికి వెళ్ళిపోయాడు.

బ్లాసిదా మర్నాడు కోలుకోవడం మొదలుపెట్టింది. ఒంట్లో చేరిన నీరు తిరిగి నాళాల్లోకి వచ్చింది. మెషీన్‌లో చూసి సెలైన్ ఆపేశాం. ఎనిమిదో రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

నన్ను పదిహేను రోజులు సస్పెండు చేశారు. ప్రభుత్వ ఆస్తి విషయంలో క్రమశిక్షణ తప్పినందుకట. తర్వాత టీకాల గదికి మార్చారు. ఇప్పుడు పసిపిల్లల తొడలకు సూదులు వేస్తున్నాను. సునీల్దాకు మెమో ఇచ్చారు. పొర్ఫీరియో బందులన్నీ తిరిగి బిగించాడు, మరమ్మతు పద్దు కింద రాసుకున్నాడు. రాజధాని నుంచి ముగ్గురు డాక్టర్లు విచారణకు వచ్చారు. నా నోటుబుక్కు మూడు గంటలు చదివారు. వాళ్ళలో ఒకావిడ, "ఈ ఆరు తప్పులు ఎందుకు వచ్చాయనుకుంటున్నారు?" అని నన్ను మర్యాదగా అడిగింది. నా కొలతల గురించి ఒక డాక్టరు నన్ను ప్రశ్న అడగడం అదే మొదటిసారి. వాళ్ళు పోయాక ఉత్తర్వు వచ్చింది. మెషీన్ వార్డులోనే, తాళం లేకుండా ఉండాలి. ప్లేట్‌లెట్లు తక్కువున్న రోగి మెడలో, మెషీన్‌తో చూడకుండా సూది గుచ్చకూడదు. అసలు గుచ్చే అవసరం ఉందా అని ముందు ఇద్దరు డాక్టర్లు రాసి సంతకం చేయాలి.

బ్రీతెస్ ఇప్పటికీ పెద్ద డాక్టరే. ఉత్తర్వు తన ఆలోచనే అన్నట్టు కొత్తవాళ్ళకు చెప్తున్నాడట. చెప్పుకోనీ. ఆ వార్డులో ఈ వేసవిలో ఎవరి మెడా వాయలేదు.

మార్చిలో బ్లాసిదా కేసు పెట్టింది. ఎలీహియో కాగితం మార్చాలని, చావుకు కారణం నిజం రాయాలని. సాక్షిగా నన్ను పిలిచారు. మా ఆయన వద్దన్నాడు. యూనియన్ లాయరు కూడా, "మీరే ఇరుక్కుంటారు నీమియా, ఆ నర్సింగ్ కాగితం మీద ఉన్నది మీ సంతకం," అన్నాడు. తెలుసన్నాను.

కోర్టు వరండాలో బ్లాసిదా, నేను ఒకే బెంచీ మీద రెండు చివర్ల కూర్చున్నాం. ఆమె తన ఫ్లాస్కులోంచి తెరెరే వంచుకుని తాగింది. నాకు ఇవ్వలేదు. ఈ దేశంలో పక్కన కూర్చున్నవాళ్ళకు తెరెరే ఇవ్వకపోవడమంటే చెంప మీద కొట్టడమే.

"నన్ను బతికించారు. దానికి రుణపడి ఉంటాను," అంది కాసేపటికి, వీధి వైపు చూస్తూనే. "ఆ ఏడాదికి మాత్రం మిమ్మల్ని క్షమించను. రెండూ వేరు."

"వేరే," అన్నాను.

లోపల బ్రీతెస్ లాయరు నన్ను గంటసేపు అడిగాడు. చివరికి, "రోగికి ప్రమాదమని మీకు అంత బాగా తెలిస్తే, ఆ రోజు మీరెందుకు ఆపలేదు?" అన్నాడు, గెలిచినట్టు మొహం పెట్టి.

"భయపడ్డాను," అన్నాను. "రాయించండి."

గుమాస్తా టైపు చేశాడు. రెండో వాయిదా ఆగస్టులో ఉంది. జనవరిలో వార్డులో విన్నది చెప్పడానికి ఆ రోజు సునీల్దాను పిలుస్తారట. తనూ వస్తానంది.